ఆఫ్‌రోడ్ బండికి టైరు సైజు: ఒక్క అంగుళం పెంచితే మారే లెక్కలు

మహీంద్రా థార్ 2020లో కొత్త రూపంలో వచ్చినప్పుడు దానికి రెండు సైజుల టైర్లు ఇచ్చారు. తక్కువ ధర వేరియంట్‌కు స్టీల్ రిమ్ మీద 245/75 ఆర్16. పై వేరియంట్‌కు అలాయ్ మీద 255/65 ఆర్18. షోరూంలో రెండు బండ్లూ పక్కపక్కన పెడితే ఎవరి కళ్లయినా పద్దెనిమిది అంగుళాల అలాయ్ మీదికే పోతాయి. బండిని రాళ్ల దారిలోకి, వాగుల్లోకి దింపాలనుకునేవాడికి మాత్రం ఆ చవక స్టీల్ రిమ్మే మంచి బేరం. ఎందుకో తెలియాలంటే టైరు పక్కన ముద్రించిన అంకెలను ఒకసారి విప్పి చూడాలి.

245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతుల ఎత్తు సైడ్‌వాల్‌ది, అంటే రిమ్ అంచు నుంచి నేల తాకే రబ్బరు దాకా. ఆర్ అంటే రేడియల్, టైరు లోపలి పొరల అమరిక రకం. 16 అంటే రిమ్ వ్యాసం, ఇది మాత్రం అంగుళాల్లో. మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు మూడూ ఒకే వరసలో కలిపి రాయడం ఎవరి బుర్రలో పుట్టిందో కానీ, కొనేవాళ్లు తికమక పడేది ఇక్కడే. లెక్క వేస్తే 245లో 75 శాతం సుమారు 184 మిల్లీమీటర్లు. పైనొకటి, కిందొకటి, మధ్యలో రిమ్ 406 మిల్లీమీటర్లు. మొత్తం టైరు ఎత్తు 774. ఇదే లెక్క 255/65 ఆర్18కి వేస్తే సైడ్‌వాల్ 166, మొత్తం ఎత్తు 789. అంటే పెద్ద అలాయ్ ఉన్న బండి చక్రం 15 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది కానీ, అందులో రబ్బరు భాగం ఒక్కో వైపు 18 మిల్లీమీటర్లు తగ్గింది. పెరిగిందంతా లోహమే.

2024లో వచ్చిన థార్ రాక్స్ పై వేరియంట్లలో ఇది ఇంకో మెట్టు ఎక్కింది. వాటి టైరు 255/60 ఆర్19. సైడ్‌వాల్ 153 మిల్లీమీటర్లు. మొత్తం ఎత్తు చూస్తే పద్దెనిమిది అంగుళాల టైరుతో సరిసమానం, అదే 789. బండి ఖరీదు పెరిగేకొద్దీ రిమ్ పెరిగి రబ్బరు సన్నబడుతోందన్నమాట. హైవే మీద మలుపుల్లో ఇది బాగానే ఉంటుంది, సన్నటి సైడ్‌వాల్ తక్కువ ఊగుతుంది. కానీ కోసుగా ఉన్న రాయి మీదికి చక్రం ఎక్కినప్పుడు రాయికీ రిమ్‌కీ మధ్య ఉండేది ఆ రబ్బరు గోడ ఒక్కటే. అది ఎంత ఎత్తుంటే రిమ్ అంత భద్రం.

సైడ్‌వాల్ ఎత్తు వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. టైర్లో గాలి బాగా తగ్గించుకోవచ్చు. ఆఫ్‌రోడ్ టైరు సైజు గురించి మాట్లాడేటప్పుడు గాలి ఊసెత్తకపోతే ఆ మాటలకు అర్థం ఉండదు. ఒక చిన్న లెక్క చూద్దాం. మనుషులతో కలిపి బండి బరువు 1800 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రం మీద 450 కిలోలు, అంటే దాదాపు 992 పౌండ్లు. గాలి పీడనం కొలిచే పీఎస్ఐ అంటేనే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని. 32 పీఎస్ఐ గాలి ఉంటే 992 పౌండ్లను మోయడానికి సుమారు 31 చదరపు అంగుళాల రబ్బరు నేలను తాకాలి. ఒక ఏ4 కాగితాన్ని మూడు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. అంత పెద్ద బండి నిలబడేది అలాంటి నాలుగు ముక్కల మీద. గాలిని 16 పీఎస్ఐకి దించితే లెక్క ప్రకారం ఆ వైశాల్యం రెట్టింపవుతుంది. సైడ్‌వాల్ బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంగా పూర్తి రెట్టింపు కాదు, అయినా పెరుగుదల చాలా ఎక్కువ. అదీ వెడల్పు వైపు కంటే పొడవు వైపే ఎక్కువగా, ట్యాంకు గొలుసులా సాగుతుంది.

ఇప్పుడు టైరు వెడల్పును 255 నుంచి 265కి పెంచి గాలి అదే 32 దగ్గర ఉంచితే ఏమవుతుంది? బరువు అదే, పీడనం అదే. కాబట్టి నేలను తాకే వైశాల్యమూ దాదాపు అదే. ఆకారం కొంచెం అడ్డంగా సాగి, పొడవు ఆ మేరకు తగ్గుతుంది. వేలకు వేలు పోసి కొన్న వెడల్పు చేయలేని పనిని వాల్వు మూత విప్పి రెండు నిమిషాలు గాలి వదిలితే చేసేయొచ్చు. ఇసుకలో దిగబడిన బండికి మొదటి వైద్యం అదే. గల్ఫ్‌లో పెద్ద బండ్లు నడిపే మనవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అక్కడ ఎడారిలోకి దిగే ముందే తారురోడ్డు పక్కన ఆపి పదిహేను పీఎస్ఐ దగ్గరికి దించుకోవడం మామూలు.

దించడానికీ ఒక హద్దుంది. రాళ్ల దారికి 22 నుంచి 25, బురదకు 18 నుంచి 20, మెత్తటి ఇసుకకు 15 అటూ ఇటూ. సాధారణ రిమ్ మీద 12 కంటే కిందికి పోతే పక్కకు తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ నుంచి ఊడి వచ్చే ప్రమాదం ఉంది. తగ్గించిన గాలితో వేగంగా పోకూడదు, టక్కున మలుపులు తిప్పకూడదు. మళ్లీ తారురోడ్డెక్కగానే గాలి కొట్టుకోవాలి. తక్కువ గాలితో హైవే మీద ఎనభైలో పోతే సైడ్‌వాల్ ప్రతి చుట్టులోనూ మడతపడి వేడెక్కి పేలిపోవచ్చు. అందుకే పెద్ద టైర్లకు డబ్బు పెట్టే ముందు బ్యాటరీకి తగిలించే మంచి గాలి పంపు ఒకటి, నమ్మకమైన గేజ్ ఒకటి కొనాలి. మన దగ్గర చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు.

గాలి పరిష్కరించలేని సమస్య ఒకటుంది, అది ఎత్తు. చక్రం నిజంగా పెద్దదైతే తప్ప ఇరుసు పైకి లేవదు. బండిని పైకెత్తే సస్పెన్షన్ కిట్లు బాడీనే లేపుతాయి. రాయికి తగిలే డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల డబ్బా, ఉండేది ఇరుసు మీద కాబట్టి, మారుతి జిమ్నీలా ముందూ వెనకా గట్టి ఇరుసులున్న బండిలో అది ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. అయితే టైరు ఎత్తు ఎంత పెరిగితే ఇరుసు అందులో సగమే లేస్తుంది, ఎందుకంటే పెరిగిన దాంట్లో సగం ఇరుసుకు పైన ఉంటుంది. ఈ సగం సంగతి మరిచిపోయి ‘రెండంగుళాలు పెంచాను, బండి రెండంగుళాలు లేచింది’ అనుకునేవాళ్లు ఎక్కువ.

మారుతి జిమ్నీనే తీసుకుందాం, లెక్కకు అది శుభ్రంగా కుదురుతుంది. కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. ఎత్తు 693 మిల్లీమీటర్లు. దీన్ని మార్చేవాళ్లు సాధారణంగా రెండు దారుల్లో పోతారు. ఒకటి 215/75 ఆర్15, ఎత్తు 703.5. రెండోది 235/75 ఆర్15, ఎత్తు 733.5. మొదటి దాంట్లో ఇరుసు లేచేది 5 మిల్లీమీటర్లు, పెన్సిల్ మందం కూడా లేదు. రెండో దాంట్లో 20 మిల్లీమీటర్లు. రాళ్ల మధ్య అది గట్టి తేడానే. చూడటానికి కూడా బండి ఒక్కసారిగా ఠీవిగా మారిపోతుంది. ఫొటోల్లో కనిపించే జిమ్నీల్లో చాలా వాటికి ఈ రెండో రకమే ఎందుకుంటుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఆ 20 మిల్లీమీటర్లకు బండి చెల్లించే ధర మాత్రం ఫొటోలో కనిపించదు. ఎత్తు 5.8 శాతం పెరిగింది. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే బండి 5.8 శాతం ఎక్కువ దూరం పోతుంది. వినడానికి బాగానే ఉంది కానీ, ఇంజన్ వైపు నుంచి చూస్తే ప్రతి గేరూ 5.8 శాతం ‘పొడుగు’ అయింది. జిమ్నీలో ఉన్నది ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజన్, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 134 న్యూటన్ మీటర్లు. టర్బో లేదు. అసలే ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరుకు, రెండో గేరుకు మధ్య కిందా మీదా పడే బండి. దాని నుంచి మరో ఆరు శాతం లాగుడు తీసేస్తే అరకు ఘాట్లో నిండు మనుషులతో ఎక్కేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. లో రేంజ్‌లో, అంటే నెమ్మదిగా పోవడానికున్న అదనపు చిన్న గేరులో, రాయి మీద నుంచి నెమ్మదిగా దిగేటప్పుడు కూడా అంతే, బండి కావలసిన దానికంటే కాస్త వేగంగా జారుతుంది. డీజిల్ థార్‌కు టార్క్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి ఇదే శాతం పెంపును అది పెద్దగా పట్టించుకోదు. ఒకరి బండికి బాగున్న సైజు ఇంకొకరి బండికి బాగుండకపోవడానికి సగం కారణం ఇదే.

స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. అది లెక్కపెట్టేది చక్రం తిరిగిన చుట్లను. ముల్లు వంద చూపిస్తుంటే బండి దాదాపు 106 మీద పోతుంటుంది. కంపెనీలు మీటరును ఎప్పుడూ అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపేలా తయారుచేస్తాయి, తక్కువ చూపకూడదన్నది నియమం. కాబట్టి ఒకటిన్నర, రెండు శాతం పెంపు ఆ జాగాలో ఇమిడిపోతుంది. ఆరు శాతం ఇమడకపోవచ్చు. ఇంకో తమాషా ఏమిటంటే, పెద్ద టైర్లు వేశాక మైలేజీ దారుణంగా పడిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్ల లెక్కలో కొంత భాగం నిజమైన నష్టం కాదు. ఓడోమీటర్ తక్కువ కిలోమీటర్లు చూపిస్తోంది కాబట్టి, లీటరుకు 12 అని వచ్చిన చోట అసలు 12.7 వచ్చి ఉంటుంది. మిగతాదంతా టైరు బరువు, నేలను తాకే దాని ముతక గళ్ల రాపిడి తినేసినదే.

బ్రేకుల మాట ఎవరూ ఎత్తరు. డిస్క్ సైజు అదే, పిస్టన్ అదే. చక్రం వ్యాసం పెరిగితే అదే బ్రేకు దెబ్బకు నేల మీద ఆపే బలం ఆ శాతం మేరకు తగ్గుతుంది. పైగా బరువైన టైరు తిరుగుతున్నప్పుడు దాన్ని ఆపడానికి ఇంకాస్త శ్రమ. నిండు బరువుతో ఘాట్ దిగేటప్పుడు పెడల్ కింద ఇది తెలుస్తుంది.

ఇక రిమ్. జిమ్నీ రిమ్ వెడల్పు అయిదున్నర అంగుళాలు. 215/75 ఆర్15 టైరును ఆ రిమ్ మీద వేసుకోవచ్చు, దానికి అనుమతించిన కనీస వెడల్పు సరిగ్గా అంతే. 235/75 ఆర్15కి కనీసం ఆరు అంగుళాల రిమ్ కావాలి. అంటే టైరుతో పాటు అయిదు రిమ్‌లు కూడా కొనాలి. కొత్త రిమ్ అంటే దాని ఆఫ్‌సెట్ ఏమిటన్న ప్రశ్న వస్తుంది. చక్రం బాడీ నుంచి ఎంత బయటికి పొడుచుకొస్తుందో తేల్చేది అదే. బయటికి వస్తే చూపు బాగుంటుంది, కానీ బేరింగ్‌ల మీద బరువు పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో చేతిని లాగుతుంది, బురద తలుపుల దాకా చిమ్ముతుంది. లోపలికి వస్తే సస్పెన్షన్ చేతులకు రాసుకుంటుంది.

రాసుకుంటుందో లేదో షాపు ముందు సాఫు నేల మీద తెలియదు. అక్కడ స్టీరింగ్ చివరిదాకా తిప్పి ‘ఎక్కడా తగలట్లేదు సార్’ అని చూపిస్తారు. అది నిజమే, ఆ క్షణానికి. ఒక ముందు చక్రాన్ని అడుగు ఎత్తు దిమ్మె మీదికి ఎక్కించి, అటు వెనక చక్రం గుంతలో ఉండగా, అప్పుడు స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. చక్రం బాడీ లోపలికి దూరినప్పుడు బంపర్ మూల, చక్రం చుట్టూ లోపల ఉండే ప్లాస్టిక్ లైనర్ ఎక్కడ తగులుతున్నాయో అప్పుడు బయటపడుతుంది. గళ్ల మీద సుద్ద రాసి తిప్పితే ఏ చోట రాసుకుందో లైనర్ మీద తెల్లగా అచ్చు పడుతుంది.

వెడల్పు గురించి తెలుగు నేలలు చెప్పే సాక్ష్యం కాస్త చిత్రంగా ఉంటుంది. పాత చెక్క చక్రాల ఎడ్లబండికి సన్నటి ఇనుప పట్టా ఉండేది. ఎత్తు మాత్రం మనిషి నడుము దాటేది. ఆ ఎత్తు వల్లే గతుకులు, గట్లు అవలీలగా దాటేది, కింద గట్టి నేల ఉన్నంతసేపు బురదను కోసుకుంటూ పోయేది. అదే బండి ఏటి ఇసుకలో దిగితే ఎద్దుల పని అయిపోయేది. టైరు బండ్లు వచ్చాక ఇసుక తోలడం తేలికైంది. ఎత్తుకు ఒక గుణం, నేలను తాకే పాదం వైశాల్యానికి ఒక గుణం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు 6.00-16 సైజు టైర్ల మీద తిరిగింది. ఆరంగుళాల వెడల్పు, ఇవాళ్టి కళ్లకు సైకిల్ టైరులా కనిపిస్తుంది. పైన మెత్తటి బురద, కింద గట్టి పొర ఉన్న చోట సన్న టైరు బురదను చీల్చుకుని కింది పొరను పట్టుకుంటుంది. వెడల్పు టైరు దాని మీద తేలి జారుతుంది.

కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడిలో వాన పడ్డాక మాత్రం ఈ వాదన రెండు వైపులా ఓడిపోతుంది. అక్కడ అడుగున గట్టి పొర అంత త్వరగా దొరకదు, పైగా ఆ మట్టి జిగురు. రోడ్డుకూ మట్టికీ రెండింటికీ చేసిన ఆల్ టెర్రైన్ టైరు గళ్ల మధ్య సందులు ఇరుకు కాబట్టి నాలుగు చుట్లలో మట్టి నిండిపోయి టైరు గుండులా నున్నగా తయారవుతుంది. ఆ తర్వాత అది 215 అయినా 265 అయినా ఒకటే. అక్కడ పనిచేసేది సందులు వెడల్పుగా ఉండి తిరుగుతూ మట్టిని విసిరేసే మడ్ టెర్రైన్ రకం. వరి పొలంలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ తగిలించేది ఎందుకో గుర్తు చేసుకుంటే సరిపోతుంది. అక్కడా రబ్బరు సైజు పెంచరు, మట్టిని పట్టి వదిలే ఆకారాన్ని తగిలిస్తారు. ఏడాదికి పది రోజులు బురదలో, మిగతా రోజులు తారురోడ్డు మీద తిరిగే బండికి మడ్ టెర్రైన్ వేస్తే ఆ హోరు, తడి రోడ్డు మీద ఆ జారుడు భరించాలి. అలాంటివాళ్లకు కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెర్రైన్ చాలు. సైజు కంటే ముందు రకం ఎంచుకోవాలి.

సైజు అంకెల పక్కనే ఉండే చిన్న అంకె, అక్షరం కూడా చదవాలి. జిమ్నీ టైరు మీద 96ఎస్ అని ఉంటుంది. 96 అంటే ఆ టైరు మోయగల బరువు 710 కిలోలు, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా. మార్చిన టైరు ఈ రెండింటిలో దేనికీ తగ్గకూడదు, ముఖ్యంగా బరువు సూచికకు. ఎక్కువైతే నష్టమేముందని తేలికపాటి లారీలకు చేసే ఎల్‌టీ రకం కొనేవాళ్లున్నారు. నష్టం ఉంది. వాటి సైడ్‌వాల్ పొరలు మందం, బరువు ఎక్కువ. రాయికి చీలదు, నిజమే. కానీ తేలికైన బండి కింద అది వంగదు. గాలి తీసినా పాదం సాగదు, గతుకుల్లో బండి చెక్క చక్రాల మీద పోతున్నట్టు ఎగురుతుంది. రెండున్నర టన్నుల బండికి పనికొచ్చేది టన్నుంపావు జిమ్నీకి పనికిరాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయర్ మొదట చూసేవాటిలో టైర్లు కూడా ఉంటాయి. అదే మోడల్‌కు కంపెనీ వేరే వేరియంట్‌లో ఇచ్చిన సైజు అయితే చెప్పుకోవడానికి కాస్త ఆధారం ఉంటుంది. పద్దెనిమిది అంగుళాల థార్‌ను పదహారుకు దించుకునేవాడు ఈ విషయంలో కూడా అదృష్టవంతుడే.

నాలుగు కాదు, అయిదూ మార్చాలి. ఈ బండ్లలో చాలా వాటికి ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు ముందు ఇరుసూ వెనక ఇరుసూ గట్టిగా ముడిపడి తిరుగుతాయి, మధ్యలో తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ఒక చక్రం 40 మిల్లీమీటర్లు చిన్నదైతే ఆ తేడా అంతా గేర్ల పళ్ల మీద పడుతుంది. పాత స్టెప్నీని అలాగే వదిలేసినవాడు దాన్ని అవసరపడిన రోజు అడవిలో ఫోర్ వీల్ వేయలేడు. ఇక కొత్త పెద్ద స్టెప్నీ అయితే వెనక తలుపుకే వేలాడుతుంది, తలుపు కీళ్లు మోయగలవో లేదో చూసుకోవాలి.

ఆ అయిదో టైరు కూడా పోయిందనుకుందాం. మారేడుమిల్లి దాటి లోపలెక్కడో పదునైన రాయికి సైడ్‌వాల్ చీలింది, స్టెప్నీ అప్పటికే వాడేశారు. గళ్ల భాగంలో మేకు దిగితే ఏ పంచర్ షాపు కుర్రాడైనా పది నిమిషాల్లో స్ట్రిప్ కొట్టి పంపిస్తాడు. సైడ్‌వాల్ కోతకు ప్యాచ్ నిలవదు, టైరే కావాలి. 255/60 ఆర్19 అడిగితే షాపువాడు ఫోన్ తీసి రాజమండ్రికో విశాఖకో చేయాల్సిందే. 215/75 ఆర్15 అడిగితే లోపలికి వెళ్లి తెస్తాడు. అది బొలెరో సైజు. ఊరి సర్పంచి నుంచి రొయ్యల చెరువుల సూపర్‌వైజర్ దాకా అందరూ తిరిగేది ఆ బండిలోనే కాబట్టి ఆ టైరు ఎక్కడైనా అటక మీద ఉంటుంది. జిమ్నీకి ఆ సైజు వేసినవాడికి దక్కిన ఎత్తు 5 మిల్లీమీటర్లే. మీటరు తప్పలేదు, రిమ్ మార్చలేదు, లాగుడు తగ్గినట్టు తెలియలేదు. అలాంటి చోట రాత్రి ఎనిమిదింటికి ఆ టైరు దొరికింది కూడా.